రిపోర్ట్‌లో పి53 పాజిటివ్ అని ఉంది, మంచిదేనా అక్కా?

ఈసారి ఉత్తరం ఒక హిందూపురం అబ్బాయిది, ఇప్పుడు బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాడట. పెద్ద ఉత్తరం, కొంచెం కుదించి పెడుతున్నా:

"అక్కా నమస్తే. మా అమ్మకి 58. ఏడు నెలల కింద రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీసేశారు. కీమో అక్కర్లేదన్నారు, రేడియేషన్ అయిపోయింది, ఇప్పుడు క్యాన్సర్ తిరిగి రాకుండా లెట్రోజోల్ మాత్ర రోజుకొకటి ఐదేళ్ళు వేసుకోమన్నారు. రిపోర్ట్‌లో ఈఆర్ పాజిటివ్ 8కి 8, పీఆర్ పాజిటివ్, హెర్2 నెగటివ్, కేఐ-67 (కణాలు ఎంత వేగంగా చీలుతున్నాయో చెప్పే లెక్క) 15 శాతం, గాటా3 పాజిటివ్, పి53 పాజిటివ్ మ్యూటెంట్ ప్యాటర్న్ అని రాసుంది. పి53 అంటే క్యాన్సర్ రాకుండా ఆపే ప్రొటీన్ అని చదివాను, మరి పాజిటివ్ అంటే మంచిదే కదా? మా చెల్లెలేమో మ్యూటెంట్ అనే మాట చూసి ఇది వంశంలో వచ్చేది, నాకూ వస్తుంది అని ఏడుస్తోంది. మా చిన్నమామ తోడల్లుడు పి53ని యాక్టివేట్ చేసే క్యాప్సూల్స్ అని డబ్బా 3,800కి ఇచ్చి పోయాడు. మోకాళ్ళు పట్టేస్తున్నాయని అమ్మ మూడు వారాలుగా లెట్రోజోల్ మానేసి ఇవి వేసుకుంటోంది, డాక్టర్‌కి ఇంకా చెప్పలేదు. ఏం చేయమంటారు?"

తమ్ముడూ, నువ్వు అడిగినవన్నీ పి53 గురించి, కానీ నాకు గుండె దడ పుట్టించింది మాత్రం చివర్లో ఏదో మాటవరసకి అన్నట్టు రాసిన ఆ లెట్రోజోల్ సంగతి. ఇది చదవడం ఆపి ముందు డాక్టర్‌కి ఫోన్ చెయ్, "మూడు వారాలు మానేసింది, మోకాళ్ళ నొప్పులు, ఇట్లా ఇంకేవో క్యాప్సూల్స్ కూడా వేసుకుంటోంది" అని ఉన్నదున్నట్టు చెప్పు. తిడతారేమో అని భయపడకు, ఇలా మానేసేవాళ్ళు వాళ్ళకి కొత్తేం కాదు. మానేసినన్ని రోజులవీ కలిపి ఒకేసారి మింగించడం లాంటివి మాత్రం చేయొద్దు. ఫోన్ అయ్యాక వచ్చి మిగతాది చదువు.

అయిందా? సరే.

నేను డాక్టర్ని కాదు, ముందే చెప్తున్నా. పాథాలజీ ల్యాబ్‌లో 14 ఏళ్ళు స్లైడ్లు చేసిన దాన్ని. మీ అమ్మగారి రిపోర్ట్‌లో ఉన్న ఈఆర్ (ఈస్ట్రోజెన్ హార్మోన్‌ని పట్టుకునే ప్రొటీన్), పీఆర్ (ప్రొజెస్టెరాన్ హార్మోన్‌ని పట్టుకునేది), గాటా3, పి53 ఈ నాలుగింటికీ రంగు వేయడమే నా ఉద్యోగం, కాబట్టి ఆ కాగితంలో పాజిటివ్ అనే మాట ఎక్కడి నుంచి ఊడిపడుతుందో అదొక్కటి నాకు బాగా తెలుసు. మందుల సంగతి మీ డాక్టర్ చెప్పిందే ఫైనల్.

ఆపరేషన్‌లో తీసిన ముక్కని ఫార్మలిన్‌లో, అంటే ముక్క పాడవకుండా కాపాడే మందు నీళ్ళలో నానబెట్టి, తర్వాత మైనంలో పోసి చిన్న దిమ్మ చేస్తాం, దాన్నే బ్లాక్ అంటాం. ఆ దిమ్మని మిషన్ మీద మూడు నాలుగు మైక్రాన్ల మందాన, అంటే ఉల్లిపొర కూడా దీని ముందు దుప్పటిలా అనిపించేంత పల్చగా కోస్తే రిబ్బన్‌లా వస్తుంది. దాన్ని గోరువెచ్చటి నీళ్ళ మీద వదిలితే పాల మీద మీగడలా ముడతలు విప్పుకుని పరుచుకుంటుంది, అప్పుడు కింద నుంచి గాజు పలకని నెమ్మదిగా పెట్టి ఎత్తుకోవాలి. తుమ్మొచ్చిందంటే అంతే సంగతులు, మళ్ళీ మొదటి నుంచి. ఆ తర్వాత ఒక్కో పలక మీద ఒక్కో ప్రొటీన్‌ని వెతికి పట్టుకునే యాంటీబాడీ వేస్తాం, ఆ ప్రొటీన్ ఎక్కడుంటే అక్కడ గోధుమ రంగు వస్తుంది, మిగతాదంతా నీలంగా ఉంటుంది. పాజిటివ్ అంటే ఇంతే తమ్ముడూ, గోధుమ రంగు వచ్చింది అని. అది మార్కుల షీట్ కాదు, పాజిటివ్ వస్తే పాసు నెగటివ్ వస్తే ఫెయిలు అని లేదు. కోవిడ్ టెస్ట్‌లో పాజిటివ్ అంటే చెడు, హెచ్ఐవీలో చెడు, ప్రెగ్నెన్సీలో ఇంటిని బట్టి, ఇక్కడేమో ఒక్కో లైన్‌కి ఒక్కో అర్థం.

ఇంకో సంగతి, ఈఆర్ రంగు ఎప్పుడూ కణం మధ్యలో ఉండే కేంద్రకంలో వస్తుంది, గుండ్రంగా వేగిన మెంతుల్లా కనపడతాయి. పీఆర్, గాటా3, పి53 కూడా అంతే. హెర్2 గట్టిగా పాజిటివ్ వచ్చిన స్లైడ్‌లో మాత్రం మధ్యలో ఖాళీగా ఉండి కణం అంచుల చుట్టూ ముగ్గు గీసినట్టు గీతలొస్తాయి. ఎందుకంటే హెర్2 పని గోడ దగ్గర, బయటి కబురు లోపలికి చేరేయడం. మిగతా నాలుగూ లోపల డీఎన్ఏ దగ్గర కూర్చుని ఏ జీన్ పనిచేయాలి ఏది నోరు మూసుకోవాలి అని చెప్పేవి. మనిషిలో ఇలాంటి జీన్లని నడిపే ప్రొటీన్లు సుమారు 1,600 రకాలున్నాయి, జీన్లేమో 20,000 చిల్లర.

నువ్వు మారతహళ్ళిలో ఉంటావు కాబట్టి దర్శిని, అదే మీ బెంగళూరులో నిలబడి తినే చిన్న హోటల్, ఆ ఉదాహరణతో చెప్తా. బోర్డు మీద అరవై ఐటెమ్స్ రాసుంటాయి, పొద్దున ఏడింటికి పోయి గోబీ మంచూరియా అడుగు, ఇస్తాడా? ఇవ్వడు. బోర్డు అంతా అదే, వంటిల్లూ అదే, కానీ పొద్దున ఇడ్లీ వడ, మధ్యాహ్నం రైస్ బాత్, సాయంత్రం బజ్జీ, ఇలా ఏ పూట ఏది పొయ్యి ఎక్కాలో కౌంటర్ దగ్గర నిలబడి వంటింట్లోకి కేకేసేవాడొకడు ఉంటాడు. మన ప్రతి కణంలోనూ బోర్డు ఒకటే, అదే డీఎన్ఏ. కాలేయం కణం కాలేయంలాగా, రొమ్ము కణం రొమ్ములాగా ఎందుకున్నాయంటే కేకేసేవాళ్ళు వేరే కాబట్టి. గాటా3 అట్లాంటి ఒక కేక, రొమ్ము కణాల్లో బాగా వినపడుతుంది, అందుకే గడ్డ రొమ్ములో పుట్టిందేనా అని రూఢి చేసుకోడానికి దానికి రంగు వేయమంటారు. ఊపిరితిత్తుల గడ్డైతే టీటీఎఫ్-1 అడుగుతారు, పేగుదైతే సీడీఎక్స్2. క్యాన్సర్ ఊరు మారినా యాస మారదన్నమాట, కాలేయంలో కనపడ్డ గడ్డని కూడా ఇది పేగు నుంచి వచ్చింది అని చెప్పేస్తాం. మీ అమ్మగారి గాటా3 పాజిటివ్‌కి అంతకుమించి అర్థం లేదు, దాన్ని వదిలేయ్.

క్యాన్సర్‌లో చాలాసార్లు ఈ కేకేసేవాళ్ళ దగ్గరే తేడా వస్తుంది. ఒకడు "ఇంకా పెట్టు, ఇంకా పెట్టు" అని ఆపకుండా అరుస్తాడు, మిక్ అనే ప్రొటీన్ అలాంటిది. బర్కిట్ లింఫోమా అనే తెల్ల రక్తకణాల క్యాన్సర్‌లో 8వ క్రోమోజోమ్ మీద ఉండాల్సిన మిక్ జీన్ తెగి చాలాసార్లు 14వ దాని మీద, యాంటీబాడీలు తయారుచేసే జీన్ పక్కన అతుక్కుంటుంది, ఆ జీన్ స్పీడే దీనికీ వచ్చేస్తుంది. ఇంకోచోట "బంద్ చెయ్" అనాల్సినవాడి గొంతు పోతుంది. అదే మన పి53.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. పి53 కాపలాదారు కదా, ఎక్కువుంటే మంచిదే కదా అని. నువ్వొక్కడివే పొరబడలేదు, 1979లో ఈ ప్రొటీన్ దొరికినప్పుడు సైంటిస్టులు కూడా క్యాన్సర్ కణాల్లో ఇది కుప్పలుగా ఉందని చూసి, ఇదే క్యాన్సర్ తెచ్చేది అనుకున్నారు. పదేళ్ళు అలాగే అనుకున్నారు! వాళ్ళు ల్యాబుల్లో వాడుకుంటున్న పి53 కాపీలు చాలావరకు అప్పటికే పాడైపోయినవి అని తర్వాత తేలింది. 1989లో అమెరికాలో వోగెల్‌స్టైన్ బృందం పేగు క్యాన్సర్లు చూసి, ఉన్న రెండు పి53 జీన్లలో ఒకటి ఎగిరిపోయి ఇంకొకటి చెడిపోయి ఉందని చూపించాక కథ తలకిందులైంది, అది క్యాన్సర్‌ని ఆపేది అని అర్థమైంది. పేరు కూడా తప్పుల తడకే అనుకో, 53 అంటే 53 కిలోడాల్టన్ల బరువు అని పెట్టారు, నిజం బరువు 44 దగ్గర.

మరి చెడిపోయింది కుప్పలుగా ఎందుకుంటుంది? ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి, కొంచెం నిదానంగా చదువు. బాగున్న కణంలో పి53 ఎప్పుడూ తయారవుతూనే ఉంటుంది, కానీ ఇరవై నిమిషాలు అటూ ఇటూగా చచ్చిపోతూ ఉంటుంది, ఎండీఎం2 అనే ఇంకో ప్రొటీన్ దాన్ని పట్టుకుని చెత్తబుట్టకి పంపేస్తుంది. డీఎన్ఏకి దెబ్బ తగిలినప్పుడు మాత్రం ఆ పట్టు వదులుతుంది, పి53 పెరుగుతుంది, నాలుగు నాలుగు కలిసి డీఎన్ఏ మీద కూర్చుని "ముందు రిపేరు చేసుకో, అప్పటిదాకా రెండుగా చీలొద్దు" అని కణాన్ని ఆపుతుంది, రిపేరు కాకపోతే కణాన్నే చంపేస్తుంది. అదే సమయంలో ఎండీఎం2 జీన్‌ని కూడా తనే ఆన్ చేస్తుంది, అంటే తన్ను చంపేవాణ్ణి తనే పిలుచుకుంటుంది, పనైపోయాక మళ్ళీ తగ్గిపోవాలి కదా.

మీ అపార్ట్‌మెంట్ పైన నీళ్ళ ట్యాంకు గుర్తు తెచ్చుకో. నీళ్ళు నిండగానే లోపల తేలే బంతి పైకి లేచి పైపు మూసేస్తుంది. ఆ బంతి విరిగితే నీళ్ళు ఆగవు, పొంగి గోడ మీద నుంచి కారి కింద పార్కింగ్ అంతా తడుస్తుంది. ఆ తడి గోడ చూసి "అబ్బా ఈ బెంగళూరులో మన ట్యాంకుకి మాత్రం నీళ్ళకి లోటు లేదు" అని ఎవరైనా సంబరపడతారా? చెడిపోయిన పి53 ఎండీఎం2ని ఆన్ చేయలేదు, కాబట్టి దాన్ని ఊడ్చిపారేసేవాడు రాడు, కాబట్టి పేరుకుపోతుంది, కాబట్టి నా స్లైడ్ మీద ప్రతి కేంద్రకం నల్లగా కనపడేంత ముదురు గోధుమ రంగులో వస్తుంది. బాగున్న పి53 అయితే అక్కడొకటి ఇక్కడొకటి లేతగా, ఒకటి ముదురుగా, చల్లినట్టు ఉంటుంది. ఇంకో తమాషా, కొన్ని గడ్డల్లో పి53 ప్రొటీనే తయారవ్వనంతగా జీన్ చెడిపోయి ఉంటుంది, అప్పుడు ఒక్క చుక్క రంగు కూడా రాదు, అది కూడా చెడిపోయిన లెక్కే. అంటే మరీ నిండుగా ఉన్నా తేడానే, మరీ సున్నా ఉన్నా తేడానే. నేను చేరిన కొత్తలో ఇలాంటి సున్నా స్లైడ్ చూసి నెగటివ్ అని రిజిస్టర్‌లో రాసేసుకుంటే మా సీనియర్ సార్ పిలిచి "ఏమ్మా, గడ్డ పక్కనున్న మామూలు కణాల్లో రంగుందా లేదా చూశావా?" అన్నారు, చూడలేదు, అక్కడుంది. రంగు పడటం పడింది, గడ్డలోనే ప్రొటీన్ లేదు. ఆ తిట్లు ఇప్పటికీ గుర్తు.

నాలుగు కలిసి పనిచేస్తాయి అన్నా కదా, అందులో చెడ్డవి కలిస్తే బాగున్నవి కూడా పనికిరాకుండా పోవచ్చు, నులకమంచానికి ఒక కోడు విరిగితే మూడు కోళ్ళ మీద ఎవరు పడుకుంటారు. (పెరట్లో తిరిగే కోళ్ళు కాదు, మీ సిటీ పిల్లలకి చెప్పాలి.)

కాబట్టి మీ అమ్మగారి గడ్డలో పి53 జీన్ చెడి ఉండొచ్చు అని ఆ లైన్ అర్థం. భయపడే ముందు ఇది విను, మనుషుల క్యాన్సర్లన్నీ కలిపి చూస్తే సగం దాకా పి53 చెడే ఉంటుంది, రొమ్ము క్యాన్సర్‌లో సుమారు మూడోవంతులో. వింతేం కాదు. పైగా రొమ్ము క్యాన్సర్‌లో ఈ ఒక్క లైన్ చూసి మామూలుగా మందు మార్చరు, మీ డాక్టర్ దీని గురించి ఏమీ మాట్లాడలేదంటే దాచిపెట్టారని కాదు, అమ్మ మందు నిర్ణయించింది వేరే లైన్ చూసి. ఆ లైన్ దగ్గరికి వస్తా, ముందు చెల్లెలి ఏడుపు ఆపాలి.

చెల్లెలికి ఇట్లా చెప్పు. పొలం ఒరిజినల్ దస్తావేజులోనే సర్వే నంబర్ తప్పు పడితే తీసిన ప్రతి జిరాక్స్‌లోనూ అదే తప్పు వస్తుంది. ఒరిజినల్ బాగుండి జిరాక్స్ మిషన్ ఒక కాగితం మీద ఇంకు పూస్తే ఆ ఒక్క కాపీ, దాని నుంచి తీసిన కాపీలు అంతే పాడవుతాయి, బీరువాలో ఒరిజినల్‌కి ఏం కాదు. గడ్డల్లో దొరికే పి53 తప్పుల్లో దాదాపు అన్నీ ఈ ఇంకు మరక రకం, ఆ మనిషి బతుకులో, ఆ ఒక్క చోట, ఏదో ఒక రోజు పడ్డవి. పిల్లలకి రావు. మ్యూటెంట్ అనే మాట గడ్డ ముక్క మీద రాసింది, అమ్మ రక్తం మీద కాదు.

ఒరిజినల్‌లోనే తప్పుండే కుటుంబాలు కూడా ఉన్నాయి, అరుదు. 1969లో లీ, ఫ్రౌమెనీ అనే ఇద్దరు అమెరికా డాక్టర్లు గుర్తుపట్టారు, 1990లో దానికి కారణం పి53 అని తేలింది. ఆ ఇళ్ళల్లో కథ వేరేగా ఉంటుంది, పాతిక ముప్పై ఏళ్ళకే రొమ్ము క్యాన్సర్, చిన్నపిల్లలకి ఎముకల్లో, కండరాల్లో గడ్డలు, మెదడు గడ్డలు, కిడ్నీ పైనుండే అడ్రినల్ గ్రంథిలో క్యాన్సర్, ఇలా ఒకే వంశంలో వరసగా. మీ ఇంట్లో అట్లాంటివి ఉన్నాయా? నువ్వు రాయలేదు. ఉంటే, లేకపోతే అమ్మ వైపుగానీ నాన్న వైపుగానీ యాభై లోపే రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు, అండాశయం క్యాన్సర్ వచ్చినవాళ్ళు ఉంటే, జెనెటిక్ కౌన్సిలింగ్‌కి రాయమని డాక్టర్ని అడుగు, వాళ్ళు కుటుంబమంతా బొమ్మలా గీసి చూసి అవసరమైతేనే అమ్మకి రక్తపరీక్ష చేయిస్తారు. చెల్లెలికి కాదు, ముందు అమ్మకే. ఏమీ లేకపోతే 58 ఏళ్ళకి వచ్చిన ఈఆర్ పాజిటివ్ గడ్డ చూసి చెల్లెలు అంత బెంగపడాల్సిన పని లేదు.

ఇప్పుడు ఈఆర్. నా దృష్టిలో మీ అమ్మగారి రిపోర్ట్ మొత్తానికి బంగారం లాంటి లైన్ ఇదే, 8కి 8. గోధుమ రంగు ఎన్ని కణాల్లో వచ్చింది అనేదానికి 5 మార్కులు, ఎంత ముదురుగా వచ్చింది అనేదానికి 3, కలిపి 8. దానికి పైన ఇంక లేదు. (మార్కుల షీట్ కాదు అని ఇందాక అన్నానుగా, ఈ ఒక్కచోట నన్ను క్షమించు.)

ఈఆర్ కూడా కేకేసేవాడే, కానీ వీడు ఒక రూల్ మనిషి, టోకెన్ చేతిలో పెడితేనే కేకేస్తాడు. టోకెన్ పేరు ఈస్ట్రోజెన్. టోకెన్ పడగానే డీఎన్ఏ దగ్గర "పెరుగు, చీలు" అనే జీన్లని లేపుతాడు, పీఆర్ జీన్‌ని కూడా లేపుతాడు, అందుకే పీఆర్ పాజిటివ్ ఉందంటే ఈఆర్ ఊరికే కూర్చోలేదు పనిచేస్తున్నాడు అని ఒక గుర్తు. ఈ టోకెన్ సంగతి తెలియకముందే, 1896లో స్కాట్లండ్‌లో బీట్సన్ అనే సర్జన్ రొమ్ము క్యాన్సర్ బాగా ముదిరిన ఆడవాళ్ళకి అండాశయాలు తీసేస్తే గడ్డ తగ్గడం చూశాడు, ఎందుకో ఆయనకి తెలీదు. టోకెన్ పట్టుకునే చెయ్యి ఒకటుందని 1950ల చివర్లో చికాగోలో జెన్సెన్ అనే సైంటిస్టు చూపించేదాకా ఆగాల్సి వచ్చింది.

ఆ చెయ్యి ఉండటమే మన అదృష్టం తమ్ముడూ. పి53కి, మిక్‌కి అలాంటి చెయ్యి లేదు, మందు వెళ్ళి కూర్చోడానికి సరైన గుంట సులువుగా దొరకదు, ఏటి ఒడ్డున గుండ్రాయి లాగా ఎక్కడ పట్టుకోవాలో తెలీదు. అందుకే నలభై ఏళ్ళ పైగా ప్రపంచమంతా పి53 మీద పనిచేస్తున్నా మెడికల్ షాపులో దానికంటూ మామూలుగా రాసే మాత్ర లేదు. ఈఆర్‌కి మాత్రం టోకెన్ పెట్టుకునే గుంట దేవుడే ఇచ్చాడు. టామాక్సిఫెన్ అనే మాత్ర నకిలీ టోకెన్, చేతిలో ఇరుక్కుని కూర్చుంటుంది, అసలుది పట్టుకోనివ్వదు, రొమ్ములో కేక రానివ్వదు. 1960ల్లో గర్భం రాకుండా ఉండే మాత్రగా తయారుచేసి, దానికి పనికిరాదని పక్కన పెట్టేయబోయిన మందు అది, 1977లో అమెరికాలో రొమ్ము క్యాన్సర్‌కి అనుమతి వచ్చింది. ఐదేళ్ళు వాడిన ఈఆర్ పాజిటివ్ ఆడవాళ్ళల్లో మొదటి 15 ఏళ్ళలో రొమ్ము క్యాన్సర్ చావులు మూడోవంతు తగ్గాయని వేలమంది లెక్కలు కలిపి చూసి 2011లో చెప్పారు.

మీ అమ్మగారిది లెట్రోజోల్, అది ఇంకో దారి. నెలసరి ఆగిపోయాక అండాశయాలు ఈస్ట్రోజెన్ చేయవు, అయినా కొవ్వులో, కండల్లో అరోమాటేజ్ అనే ఎంజైమ్ వేరే హార్మోన్లని ఈస్ట్రోజెన్‌గా మారుస్తూ ఉంటుంది, చిన్న టోకెన్ మిషన్ అనుకో. లెట్రోజోల్ ఆ మిషన్‌నే ఆపేస్తుంది. ఈ వయసు ఆడవాళ్ళల్లో టామాక్సిఫెన్ కన్నా ఇది ఇంకొంచెం మెరుగు. అమ్మ మాత్ర మానేసింది అంటే టోకెన్ మిషన్ మళ్ళీ తిరగడం మొదలైంది అని. మూడు వారాలకే కొంప మునగదు, మూడు వారాలు కాస్తా మూడు నెలలు, ఆ తర్వాత "బాగానే ఉన్నాగా" అని మొత్తానికే మానేయడం, అట్లా జరిగేదే నేను ఎక్కువ చూశాను. గడ్డ తీసేశారు కదా ఇంకెందుకు అంటారు, కంటికి కనపడని కణాలు నాలుగు ఎక్కడైనా మిగిలి ఉంటే వాటికి టోకెన్ అందకుండా చేయడానికే ఈ ఐదేళ్ళూ.

మోకాళ్ళ నొప్పి అబద్ధం అని నేను అనట్లేదు. ఈ మందుతో కీళ్ళు పట్టేయడం చాలామందికి ఉంటుంది, పొద్దున లేవగానే వేళ్ళు ముడవలేక చెంబు జారిపోతుంది అని చెప్పినవాళ్ళు కూడా ఉన్నారు, ఇంట్లోవాళ్ళు వయసు అని కొట్టిపారేస్తారు. చేయగలిగినవి ఉన్నాయి కదా, విటమిన్ డి చూస్తారు, ఎముకల బలం చూసే డెక్సా స్కాన్ చేయిస్తారు, ఎలాగూ ఈ మందుకి ఎముకలు కొంచెం పల్చబడతాయి కాబట్టి అది చేయించాల్సిందే. రోజూ నడిస్తే ఈ నొప్పులు తగ్గుతాయని ట్రయల్స్‌లో తేలింది, వినడానికి మోకాళ్ళ నొప్పికి నడవమంటారేంటి అనిపిస్తుంది గానీ నిజం. అయినా తగ్గకపోతే కొన్నాళ్ళు ఆపి అదే కోవలో ఇంకో మాత్ర, అనాస్ట్రోజోల్ గానీ ఎక్సెమెస్టేన్ గానీ ఇస్తారు, ఒకరికి ఒకటి పడనిది ఇంకొకటి పడుతుంది. అదీ కాకపోతే టామాక్సిఫెన్ ఉండనే ఉంది. ఆపడం, మార్చడం అన్నీ ఉన్నాయి, డాక్టర్‌కి తెలిసి జరగాలి అంతే.

ఇక 3,800 డబ్బా. అందులో ఏముందో నువ్వు రాయలేదు, అట్ట మీద ఏం రాసుందో ఫోటో తీసి డాక్టర్‌కే చూపించు. కానీ పి53ని యాక్టివేట్ చేస్తుంది అనే మాట దగ్గరే నాకు ఆగిపోయింది. మీ అమ్మగారి గడ్డలో ఉన్న పి53 కేక వేసే గొంతు పోయినది, దాన్ని ఇంకా ఎక్కువ చేస్తే గోడ మీద నుంచి ఇంకా నీళ్ళు కారడమే. పోనీ ఒంట్లో మిగతా చోట్ల బాగున్న పి53ని నిజంగానే అదిలించగలదు అనుకుందాం, అది మంచిదా? ఎలుకల్లో ఎండీఎం2 లేకుండా చేస్తే, అంటే పి53కి అడ్డు లేకుండా చేస్తే, పిల్లలు కడుపులోనే చచ్చిపోయాయి. పి53 అతిగా పనిచేసే ఎలుకలకి క్యాన్సర్ తక్కువొచ్చింది గానీ తొందరగా ముసలివైపోయాయి, 2002లో వచ్చింది ఆ పేపర్. ఏనుగులకి ఈ జీన్ ఇరవై కాపీలున్నాయి, ఒక్కోటి జంట చొప్పున, మనకి ఒక్క జంటే, అంత ఒళ్ళుండీ వాటికి క్యాన్సర్ తక్కువ రావడానికి అదొక కారణం కావొచ్చంటారు, కానీ ఏనుగు అది లక్షల ఏళ్ళల్లో సర్దుకుంది, డబ్బా కొని కాదు. చైనాలో 2003లో మంచి పి53 జీన్‌ని వైరస్‌లో పెట్టి గడ్డలోకే ఇంజెక్షన్ చేసే మందుకి అనుమతి ఇచ్చారు, అంత చేసినా ప్రపంచంలో మిగతా డాక్టర్లు దాన్ని అందుకోలేదు. నీళ్ళతో మింగే క్యాప్సూల్ చేసేస్తుందా చిన్నమామ తోడల్లుడు తెచ్చిచ్చింది?

పసుపు, మిరియాల సారం కలిపి గట్టిగా తీసిన క్యాప్సూల్స్‌తో లివర్ దెబ్బతిన్న కేసులు మెడికల్ జర్నల్స్‌లో ఉన్నాయి, కూరలో పసుపు గురించి కాదు నేను చెప్పేది, అది వేసుకోండి. మొక్కల్లో ఈస్ట్రోజెన్ లాంటివి ఉండే సారాలు కూడా ఈఆర్ పాజిటివ్ వాళ్ళు క్యాప్సూల్స్‌గా తీసుకోవద్దంటారు, టోకెన్ మిషన్ ఆపడానికి ఒక మాత్ర వేసి ఇంకో చేత్తో టోకెన్లు పంచినట్టు. ఆయన మనసు నొచ్చుకుంటుందేమో అని అమ్మ మొహమాటపడుతుంటే నా మీద పెట్టెయ్, "ల్యాబ్‌లో పనిచేసిన అక్క ఒకామె వద్దంది" అని.

చుట్టం కాబట్టి ఏమీ అనలేం అనే మాట నాకూ తెలుసు. మా పిన్నికి ఇట్లాగే గడ్డ వచ్చినప్పుడు ఊళ్ళో చిన్న నర్సింగ్ హోమ్‌లో పరీక్షకని ఒక ముక్క తీశారు, తెలిసిన డాక్టరే, ముక్కని ఫార్మలిన్‌లో వేయకుండా సెలైన్‌లో వేసి మూత పెట్టి మా తమ్ముడి చేతికిచ్చారు, వాడు రాత్రి బస్సులో పట్టుకుని పొద్దున చెన్నై వచ్చాడు. ఈఆర్ సున్నా వచ్చింది. ఈఆర్ సున్నా అంటే ఈ మాత్రలేవీ పనిచేయవు, ఇంక కీమోనే. నేను ఆ స్లైడ్ తెప్పించుకుని చూస్తే గడ్డ పక్కన ఉన్న మామూలు పాల నాళాల్లో కూడా ఒక్క గోధుమ చుక్క లేదు, అక్కడ కొంచెమైనా రావాలి, రాలేదంటే గడ్డలో ప్రొటీన్ లేదని కాదు, ముక్కే పాడైందని. గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి అది. మళ్ళీ సూదితో తీయించి చేస్తే 8కి 7 వచ్చింది. పిన్ని ఇప్పటికీ ఆ మాత్ర తిట్టుకుంటూ వేసుకుంటుంది, మోకాళ్ళు ఆమెకీ నొప్పే. ఆ నర్సింగ్ హోమ్ ఆయన పెళ్ళిళ్ళలో ఎదురుపడతాడు, నమస్కారం పెడతాం.

మీ అమ్మగారి 8కి 8లో అట్లాంటి అనుమానం ఏమీ లేదు, ఎందుకు చెప్పానంటే బ్లాక్ జాగ్రత్త. రిపోర్ట్ మీద ఒక నంబర్ ఉంటుంది, పక్కన ఏ1, ఏ2 అని, ఆ నంబర్ ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకో. రేపు సెకండ్ ఒపీనియన్ అన్నా, ఇంకేదైనా టెస్ట్ అన్నా, ఆ మైనం దిమ్మ ఉంటే చాలు, అమ్మకి మళ్ళీ సూది గుచ్చాల్సిన పని ఉండదు. రాతపూర్వకంగా అడిగితే ల్యాబ్ వాళ్ళు ఇస్తారు.

అమ్మకి పి53, ఎండీఎం2 ఇవేవీ చెప్పొద్దు, టోకెన్ సంగతి ఒక్కటి చెప్పు, హోటల్‌కి పోయినామె ఎవరికైనా అర్థమవుతుంది. బెంగళూరులో కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రి ముందు బస్టాప్‌లో నిలబడితే సగం మన అనంతపురం, హిందూపురం యాసే వినపడుతుంది, చెకప్‌కి వచ్చే ఆడవాళ్ళు ఒకరి మాత్రల కవరు ఒకరు విప్పి చూసుకుంటూ నీకు ఏ రంగుది ఇచ్చారు, నీకు కాళ్ళు పీకుతున్నాయా అని అడుగుకుంటుంటారు, అమ్మని అట్లా ఒకామెతో మాట్లాడించగలిగితే నేనూ నువ్వూ చెప్పేదానికన్నా నయం. నొప్పి మళ్ళీ ఎక్కువైతే నాకు ఉత్తరం రాస్తూ కూర్చోకు, నా సమాధానం వచ్చేసరికి ఇంకో మూడు వారాలు పోతాయి, ముందు డాక్టర్‌కి ఫోన్ చెయ్, తర్వాత నాకు రాయి.